చాకలి పద్దు

గత రెండు సంచికల్లో రక్తపోటు గురించీ, మన ఊరగాయల్లోని ఉప్పు గురించీ రాసి కొందరు వదినగార్ల ఆగ్రహానికి పాత్రులమయ్యాం. ఈ నెల ఉప్పు జోలికి పోము. డైరీల గురించి రాస్తాం. వైద్యుడికీ డైరీకీ ఏమిటి సంబంధం అనుకోకండి, ఉంది.

సంక్రాంతి సంబరాల నాడు పులిహోర వరుసలో నిలబడి ఉండగా ఒక అక్కయ్య మమ్మల్ని పక్కకు పిలిచింది. "తమ్ముడూ, డాక్టరువి గదా, ఇది చూసి ఒక మాట చెప్పు" అంటూ ఫోను మా చేతిలో పెట్టింది. ఆమె కొడుక్కి పదమూడేళ్ళు. ఆటిజం ఉందని రెండేళ్ళ క్రితం ఇక్కడి డాక్టర్లు తేల్చారు. ఫోనులో ఉన్నది ఆ అబ్బాయి నోటుపుస్తకం ఫోటో. వాడు స్నానానికి వెళ్ళినప్పుడు తీసిందట. మేము కళ్ళు తిప్పుకునేలోగా రెండు వరుసలు చూడనే చూశాం. బస్సు నంబరు, రావలసిన టైము, వచ్చిన టైము. ఫోను తిరిగి ఇచ్చేశాం.

"ఆరు నెలల నుంచి ఇదే గోల తమ్ముడూ. బళ్ళో టీచరు 'డైరీ రాయించండి, మనసులో మాట బయటికొస్తుంది' అంది. మంచి అట్ట ఉన్న పుస్తకం కొనిచ్చాను. బస్సులు, టైములు, ఏ పూట ఏం తిన్నాడో, అంతే. ఒక్కరోజన్నా సంతోషంగా ఉందనో, ఏడుపొచ్చిందనో రాయడు. చాకలి పద్దులా ఉంది. మాన్పించేయనా? పోనీ, ఎలా రాయాలో నువ్వే కూర్చోబెట్టి చెప్పకూడదూ?"

ఇంతలో వరుస కదిలింది. "పిల్లవాడి పుస్తకం చూడకక్కా" అని మాత్రం గొణిగాం. ఆమె కొంచెం నొచ్చుకుంది కూడా. అసలు జవాబు చెప్పాలంటే ముందు మా సంగతి చెప్పాలి, అదేమో విస్తరాకు చేత్తో పట్టుకుని చెప్పే సంగతి కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాం.

2023లో, ముప్ఫయి ఆరో ఏట, మాకూ ఆటిజం ఉందని నిర్ధారణ అయింది. (ఈ శీర్షికలో 'మేము' అంటే రాసే ఒక్క మనిషే. మా ఆవిడకూ, అమ్మాయికీ ఇందులో వాటా లేదు.) ఈ వాక్యం అచ్చు వేయవచ్చా అని మా ఆవిడను అడిగాం. "అందరూ చదువుతారు, తెలుసుగా?" అని ఆమె రెండుసార్లు అడిగింది. తెలుసు. మన వాళ్ళ ఇళ్ళలో ఇటువంటి మాట వినగానే ముందు పిల్లల పెళ్ళి సంబంధాలు గుర్తుకొస్తాయనీ తెలుసు. మా ఎం.బి.బి.ఎస్. రోజుల్లో ఆటిజం అంటే పిల్లల వైద్యం పుస్తకంలో అరపేజీ. పెద్దయ్యాక వాళ్ళేమవుతారో ఆ అరపేజీలో లేదు. కొందరు డాక్టర్లు కూడా అవుతారు. ఐర్లండులో మత్తు డాక్టరుగా పనిచేసే మేరీ డోహర్టీ గారు 2019లో మొదలుపెట్టిన 'ఆటిస్టిక్ డాక్టర్స్ ఇంటర్నేషనల్' అనే సంఘంలో దేశదేశాల డాక్టర్లున్నారు.

ఇక డైరీ సంగతి. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్నగారు తెలుగు మాస్టారు. ప్రతి జనవరిలోనూ ఇంటికి రెండు డైరీలు వచ్చేవి. ఎల్.ఐ.సి. ఏజెంటు ఇచ్చినది నాన్నగారిది. ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చినది, 1999 నుంచీ, మాది. ప్రతి పేజీ అడుగునా యూరియా ఎప్పుడు చల్లాలో ఒక సలహా ఉండేది. పన్నెండేళ్ళ వయసులో మేము రాసిన పేజీ ఒకటి ఇలా ఉంటుంది: 'ఉదయం 6.10 లేచాను. ఇడ్లీ 4. బడికి 1,140 అడుగులు. రెండో పీరియడు లెక్కలు. ఫ్యాను మోత. సాయంత్రం బస్సు 5.25కి రావాలి, 5.41కి వచ్చింది.'

నాన్నగారు ఒకరోజు అది తిరగేసి, "ఇది డైరీనా, చాకలి పద్దా? మనసులో ఏమనిపించిందో రాయాలిరా" అన్నారు. సరేనని మర్నాడు రాశాం: 'మనసులో ఏమీ అనిపించలేదు.' ఆయన పడీ పడీ నవ్వారు. ఎందుకు నవ్వారో మాకు అర్థం కాలేదు. నిజమే గదా రాశాం!

అది నిజమేనని వైద్యశాస్త్రం తర్వాత మాకు చెప్పింది. లోపల కలిగిన భావం ఏదో పోల్చుకోలేకపోవడం, దానికి మాట దొరకకపోవడం అనే లక్షణానికి 1970ల్లో బోస్టన్‌లోని మనోవైద్యుడు సిఫ్నియోస్ 'అలెక్సితీమియా' అని పేరు పెట్టారు. భావం లేదని కాదు, దానికి చీటీ అంటించి ఉండదు, అంతే. అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి 2019లో లెక్క చూస్తే, ఆటిజం ఉన్నవారిలో దాదాపు సగం మందిలో ఈ లక్షణం కనిపించింది. మిగతా జనంలో ఇరవై మందిలో ఒకరికి. ఒంటి సంగతీ ఇంతే. మాకు ఆకలి వేస్తోందని తెలియాలంటే ముందు తలనొప్పి రావాలి. తలనొప్పి ఎందుకొచ్చిందని అరగంట ఆలోచించాక భోజనం గుర్తుకొస్తుంది. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ దీన్ని డాక్టర్ల మతిమరుపు అనుకుంది.

డైరీ ఆరోగ్యానికి మంచిదన్న మాటకు పునాది 1986లో అమెరికాలో పెన్‌బేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగం. కాలేజీ విద్యార్థుల చేత నాలుగు రోజులపాటు, రోజుకు పదిహేను నిమిషాలు, తమ జీవితంలోని కష్టమైన ఘటనల గురించి రాయించారు. ఘటనతో పాటు తమ భావాలను కూడా రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి తక్కువసార్లు వెళ్ళారు. తరువాత వచ్చిన వందలాది ప్రయోగాల్లో ఈ మేలు కొన్నిటిలో కనిపించింది, కొన్నిటిలో కనిపించలేదు, కనిపించినచోట కూడా అది చిన్నదే. బళ్ళల్లో టీచర్లు 'నీ ఫీలింగ్స్ రాయి' అనడం వెనక ఈ చరిత్ర ఉంది. సలహా మంచిదే. కాని భావానికి మాట దొరకని పిల్లవాణ్ణి మొదటి వాక్యంలోనే ఆ మాట రాయమంటే, వాడు కలం పక్కన పెట్టేస్తాడు, లేదా పక్కవాడి డైరీ చూసి 'నాకు సంతోషంగా ఉంది' అని రాసిస్తాడు. రెండో పని మేము ఏడో తరగతిలో ఒక ఏడాది పాటు చేశాం. ఆ ఏడాది పేజీలు ఇప్పుడు చదివితే ఒక్క ముక్కా మాది కాదు.

చాకలి పద్దు మాత్రం అబద్ధమాడదు. 2004లో గుంటూరులో మెడిసిన్‌లో చేరాం. ఆ అక్టోబరు డైరీలో పంతొమ్మిది పేజీల మీద ఒకే వాక్యం ఉంది: 'మెస్‌లో తినలేదు. బ్రెడ్డు.' మెస్సు అంటే మూడు వందల మంది, స్టీలు పళ్ళాలు, రేకుల కప్పు. దుఃఖం అన్న మాట ఎక్కడా లేదు. ఉండాలని కూడా ఆ పిల్లవాడికి తెలియదు. బ్రెడ్డుకు ఎంతయిందో పైసలతో సహా రాశాడు. ఇవాళ డాక్టరుగా ఆ పేజీలు తిప్పితే, ఈ కుర్రవాణ్ణి ఎవరైనా ఒకసారి పలకరించి ఉండాల్సింది అనిపిస్తుంది.

పద్దులా రాయడం తక్కువ రకం రాత అన్న అభిప్రాయమే మాకు నచ్చదు. 1830 మేలో మద్రాసు నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య గారు దారి పొడుగునా రాసుకున్నదేమిటి? ఏ మజిలీ నుంచి ఏ మజిలీకి ఎంత దూరం, దారి ఇసుకా రాయా, నీళ్ళు ఉన్నాయా, అంగళ్ళు ఉన్నాయా. ఆ 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది, తెలుగు వచనంలో దానికి పెద్దపీట వేశారు. వీరాస్వామయ్య గారికి ఆటిజం ఉందని మేము అనడం లేదు, దయచేసి ఉత్తరాలు రాయకండి. ఆయన సుప్రీం కోర్టు దుబాసి, నలుగురిలో మెలగిన మనిషి. పద్దు రాసేవాడు కూడా లోకాన్ని చూస్తూనే ఉంటాడని మా మనవి.

ఇక గురువారాల కథ. ఇది మా సంసారానికి సంబంధించినది. రాయడానికి అనుమతి ఉంది.

ఇక్కడికి వచ్చి ఉద్యోగంలో కుదురుకున్నాక, 2019 నుంచీ, మా ఆవిడ ఒక ప్రశ్న వేసేది. "గురువారం గురువారం నామీద కోపమెందుకు?" మాకు కోపం లేదు. ఆ మాటే చెప్పేవాళ్ళం. కాని ఆ సాయంత్రాలు ఇంటికొచ్చి కోటు విప్పాక నోట మాట వచ్చేది కాదు. అడిగిన దానికి తల ఊపడం, గోడ చూస్తూ కూర్చోవడం. ఆమె స్థానంలో ఎవరున్నా కోపమే అనుకుంటారు. 2021లో ఒక రాత్రి ఆమె, "నేను కొన్నాళ్ళు హైదరాబాదు వెళ్ళి అమ్మ దగ్గర ఉండి వస్తాను" అంది. ఆ మాటలోని బరువు కూడా మాకు వెంటనే తెలియలేదు. టిక్కెట్ల ధరలు చూడటం మొదలుపెట్టాం! ఆమె ముఖం చూశాక మాత్రం ఏదో తప్పు జరిగిందని తట్టింది.

ఆ మర్నాడు ఒక గళ్ళ పుస్తకం కొన్నాం. నిలువు గీతలు గీసి ఆరు గళ్ళు చేశాం. ఎన్ని గంటలు నిద్ర, ఏం తిన్నాం ఎప్పుడు, ఎంతమందితో మాట్లాడాం, చప్పుడుకు సున్నా నుంచి అయిదు దాకా ఒక అంకె, దీపాలకు ఒక అంకె, సాయంత్రం మాట వచ్చిందా రాలేదా. భావాలకు గడి పెట్టలేదు. పద్నాలుగు వారాలు రాశాం.

పద్నాలుగు గురువారాల్లో పదకొండు సాయంత్రాలు మాట లేదు. గురువారం మధ్యాహ్నం మా వార్డులో అందరూ కలిసే పెద్ద మీటింగు ఉంటుంది. దోషం దానిదే అనుకున్నాం. కాని మీటింగు పద్నాలుగు వారాలూ జరిగింది. మాట వచ్చిన ఆ మూడు వారాల్లో ఏం తేడా? వెతికితే దొరికింది. ఆ మూడు రోజులూ మీటింగు ముగుస్తుండగానే బ్లీప్ మోగి మేము వార్డుకు పరిగెత్తాం. మిగతా పదకొండు రోజులూ అందరితో పాటు పక్క చిన్న గదిలో టీ తాగాం. ఆ గదిలో ట్యూబులైటు గుయ్యిమంటుంది. తొమ్మిదిమంది ఒకేసారి మాట్లాడతారు. ఎవరి మాటకు నవ్వాలో, ఎప్పుడు నవ్వాలో చూసుకుంటూ మేము అరగంట నిలబడతాం. మీటింగులో వంతులవారీగా మాట్లాడతారు కనుక అందులో ఇబ్బంది లేదు. ఆ అరగంట టీ మమ్మల్ని పిండేసేది. అలసట అన్న సంగతి మాకు తెలియక, ఏ పేరూ లేకుండానే అది మాతో పాటు ఇంటికి వచ్చేది.

పుస్తకం మా ఆవిడ ముందు పెట్టాం. ఆమె గురువారం వరుస మీద వేలు పెట్టి, కిందిదాకా చూసుకుంటూ వెళ్ళింది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "రెండేళ్ళుగా గురువారం రాత్రి పప్పుచారు, వడియాలు ఎందుకు చేస్తున్నానో తెలుసా?" అంది. తెలియదు. వరసగా పప్పుచారు వస్తోందని గమనించాం గాని కారణం అడగలేదు. "నీ కోపం తగ్గుతుందని" అంది.

టీ గదికి వెళ్ళడం మానేశాం. దానికి పై డాక్టరుతో మాట్లాడవలసి వచ్చింది, పుస్తకం చూపించాం, ఒప్పుకున్నారు. ఇక్కడ 2010 నాటి సమానత్వ చట్టం ఇటువంటి చిన్న సర్దుబాట్లు అడిగే హక్కు ఇస్తుంది. పప్పుచారు మాత్రం ఇప్పటికీ గురువారమే.

ఆ పుస్తకం పట్టుకునే మా జి.పి. దగ్గరికి వెళ్ళాం. పెద్దవాళ్ళకు ఆటిజం పరీక్ష అంటే ఎన్.హెచ్.ఎస్.లో చాలాచోట్ల ఏళ్ళు పడుతుంది. మాకు ఇరవై రెండు నెలలు పట్టింది. పరీక్షలో చిన్ననాటి సంగతులు అడుగుతారు. ఎందుకంటే ఆటిజం మధ్యలో వచ్చేది కాదు, పుట్టుకతో ఉండేది. పసితనం చూసినవాళ్ళెవరైనా చెప్పాలి. మా అమ్మ ఫోనులో, చెల్లెలు పక్కన కూర్చుని ఇంగ్లీషులో చెబుతుండగా, "మావాడికేమండీ, బంగారం. చెప్పిన మాట జవదాటలేదు. ఒక్క అల్లరి లేదు" అని సాక్ష్యమిచ్చింది. ఏ తల్లి అయినా అంతే. పరీక్ష చేసే ఆవిడ మర్యాదగా రాసుకుంది గాని, ఆ గడులు ఖాళీగానే మిగిలాయి.

అప్పుడు చెల్లెలికి నాన్నగారి ట్రంకుపెట్టె గుర్తొచ్చింది. ఆయన 2017లో పోయారు. పెట్టెలో ముప్ఫయి ఎల్.ఐ.సి. డైరీలు. పాల లెక్క, కూలీల లెక్క, చీటీపాట, కిరసనాయిలు, నిజంగానే చాకలి పద్దు. చెల్లెలు మూడు రాత్రులు కూర్చుని మా చిన్ననాటి సంవత్సరాలు వెతికి ఫోటోలు తీసి పంపింది. 1993 మే నెలలో ఒక పేజీ: 'పాలు 2 లీ. చాకలికి 15 బట్టలు. పెళ్ళి చదివింపులు 116. మేళం మొదలుకాగానే అబ్బాయి ట్రాక్టరు ట్రక్కు కిందికి దూరాడు. ఆపేదాకా రాలేదు. అన్నం తినలేదు. జ్వరం లేదు.'

అలాంటివి ఆ ఏడాదిలోనే ఆరు దొరికాయి. వీధిలో మైకు పెడితే చెవులు మూసుకున్నాడని ఒకటి. కొత్త చొక్కా కాలరు చీటీ కత్తిరించేదాకా ఏడ్చాడని ఒకటి. ఆయన ఏనాడూ ఇవి మాతో అనలేదు, అమ్మతో అన్నట్టూ లేదు. పాలకూ బట్టలకూ మధ్యన రాసి ఊరుకున్నారు. పరీక్ష చేసే ఆవిడ ఆ పేజీలు చెల్లెలి చేత తిరిగి చదివించుకుని, ఖాళీ గడులు నింపింది. 'జ్వరం లేదు' అన్న మాట దగ్గర మేము కాసేపు కెమెరా ఆపుకోవలసి వచ్చింది. అంటే ఆ రాత్రి ఆయన మా నుదుటి మీద చెయ్యి వేసి చూశారన్నమాట.

ఆటిజం చరిత్ర కూడా ఒక తండ్రి రాతతోనే మొదలైంది. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రపు ఫారెస్ట్ అనే చిన్న ఊళ్ళో ఒక వకీలు, తన కొడుకు డోనల్డ్ సంగతులన్నీ 33 టైపు పేజీల ఉత్తరంగా రాయించి, 1938లో బాల్టిమోరులోని డాక్టర్ లియో కానర్‌కు పంపారు. ఏడాది నిండేసరికి పిల్లవాడు ఏయే పాటలు స్వరం తప్పకుండా పాడాడో కూడా అందులో ఉంది. ఉత్తరంలోని అతి వివరం కానర్‌కు కొంచెం వింతగానే తోచింది గాని, 1943లో పదకొండుమంది పిల్లల గురించి ఆయన రాసిన ప్రసిద్ధ వ్యాసంలో మొదటి పిల్లవాడు డోనల్డే. ఆ డోనల్డ్ ట్రిప్లెట్ తన ఊరి బ్యాంకులో ఉద్యోగం చేసి, గోల్ఫ్ ఆడుకుంటూ, దేశాలు తిరిగి, 2023లో ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో పోయారు. తండ్రులూ తల్లులూ డాక్టర్లూ రాసిన రాతలే చాలాకాలం నడిచాయి. ఆటిజం ఉన్నవారు స్వయంగా రాసిన పుస్తకాలు పదిమందికీ చేరింది టెంపుల్ గ్రాండిన్ (1986), డోనా విలియమ్స్ (1992) వంటివారితోనే. గ్రాండిన్ గారు పశువుల కొట్టాలు, కబేళాలు రూపొందించే నిపుణురాలు. తన పాత డైరీ ముక్కలను 1995 నాటి 'థింకింగ్ ఇన్ పిక్చర్స్'లో తానే ఎత్తి రాసుకున్నారు. అవి కూడా గేట్లు, తలుపులు, పశువుల నడక గురించే!

డైరీలో చెరుపూ ఉంది. మా అనుభవంలో రెండు రకాలు. తేదీలు అచ్చువేసిన డైరీలో ఒక్కరోజు ఖాళీ పోతే మాకు నిద్ర పట్టదు. 2009లో జ్వరంతో పదకొండు రోజులు రాయలేక, లేచాక ఆ ఏడాది డైరీ మొత్తం చింపి హాస్టలు వెనక పారేశాం. అందులో హౌస్ సర్జన్ రోజులు ఉన్నాయి, ఇప్పుడు కావాలంటే లేవు. కనుక తేదీలు లేని పుస్తకం మేలు. రెండోది ఇంకా చెడ్డది. ఎవరో అన్న మాట ఒకటి పట్టుకుని అదే రోజూ రాయడం, రాసింది చదవడం, మళ్ళీ రాయడం. గాయం మానకుండా గోకడమే అది. ఒకే సంగతి మూడో రోజు కూడా కలం కిందికి వస్తే, పుస్తకం మూసి మనిషికి చెప్పాలని మేము మాకు పెట్టుకున్న నియమం. పాటించడం కష్టం, సగం సార్లు తప్పుతాం.

పుస్తకమే ఉండాలనీ లేదు. ఫోనులో రాసుకునేవాళ్ళున్నారు, గొంతు రికార్డు చేసుకునేవాళ్ళున్నారు, మాటలు రాని పిల్లలు బొమ్మలు అంటించుకుంటారు. ఏ భాషలో అన్నది కూడా పెద్దలు తేల్చేది కాదు. మనం తెలుగు బడి నడుపుతున్నాం కనుక పిల్లలు డైరీ తెలుగులో రాయాలని ఒక సభ్యుడు ఆ మధ్య అన్నారు. గురజాడ వారు తమ డైరీలు ఇంగ్లీషులో రాసుకున్నారు. తెలుగుకేమీ నష్టం జరగలేదు.

ఇక అక్కయ్య ప్రశ్న. మాన్పించవద్దు, నేర్పవద్దు. అదే గీతలున్న పుస్తకాలు ఇంకో నాలుగు కొని పెట్టండి, దుకాణం వాడు ఆ రకం ఆపేస్తే పిల్లవాడికి ఇబ్బంది. తాళం పడే సొరుగు ఒకటి ఇవ్వండి. ఫోటోలు తీయకండి. అది వాడికి తెలిసిన రోజున వాడు రాయడం మానడు, మీకోసం రాయడం మొదలుపెడతాడు. మా ఏడో తరగతి సంగతి పైన చెప్పాం. పుస్తకంలో ఏముందో తెలుసుకోవాలంటే పుస్తకం గురించే అడగండి. "ఇవాళ బస్సు ఎంత లేటు?" అంటే వాడికి అది ప్రేమగా వినిపిస్తుంది. "ఇవాళ ఎలా ఉన్నావు?" అంటే పరీక్ష పేపరులా వినిపిస్తుంది.

ఒక్క మినహాయింపు ఉంది. ఆటిజం ఉన్నవారిలో ఆత్మహత్య ప్రమాదం మిగతావారికంటే ఎక్కువని పరిశోధనలు గట్టిగా చెబుతున్నాయి. పిల్లవాడు ప్రాణానికి తెచ్చుకుంటాడేమో అన్న భయం నిజంగా కలిగితే, ముందు సూటిగా అడగండి. అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. ప్రమాదం ఉన్నచోట డైరీ మర్యాద రెండో సంగతి. అత్యవసరమైతే 999, కాకపోతే 111కు ఫోను చేసి 2 నొక్కితే మానసిక వైద్యం వారు పలుకుతారు. సమారిటన్స్ 116 123 రాత్రీ పగలూ ఉంటుంది.

ఈ కాగితాలు టైపుకు ఇచ్చే ముందు అక్కయ్యకు ఫోనులో చదివి వినిపించాం. అనుమతి కావాలి గదా. పిల్లవాడినీ అడగమన్నాం. ఆమె అంతా విని, కాసేపాగి, "తమ్ముడూ, డిసెంబరు నుంచీ వాడు రోజూ ఎక్కే బస్సు వదిలేసి తర్వాతి బస్సులో వస్తున్నాడు. పుస్తకంలో చూశాను గాని పట్టించుకోలేదు. నువ్వు టీ గది సంగతి చదువుతుంటే ఇప్పుడు తట్టింది" అంది.

చూడవద్దన్న మా సలహాకు ఇది ఎదురు సాక్ష్యమేనని ఒప్పుకుంటున్నాం. ఏం చేయమంటావని అడిగింది. పుస్తకం మాట ఎత్తకుండా, మొదటి బస్సు ఎలా ఉంటుందో అడగమన్నాం.

రెండు రోజుల తర్వాత ఆమే ఫోను చేసింది. వాడు నలభై నిమిషాలు చెప్పాడట. ఇంజను సంగతి, సీట్ల సంగతి, పై అంతస్తు అద్దం సంగతి, దాని మధ్యలో, అదే గొంతుతో, వెనక సీట్లో కూర్చునే ముగ్గురు పై తరగతి కుర్రాళ్ళ సంగతి. సోమవారం భార్యాభర్తలిద్దరూ బడికి వెళుతున్నారు.

మేము రాసుకోవడానికి పిల్లవాడు ఒప్పుకున్నాడు. బస్సు నంబరు మాత్రం రాయకూడదన్నాడు. రాయలేదు.

వచ్చే నెల మోకాళ్ళ నొప్పులు.